జాబితాలో చాపల గది

గవర్నర్‌పేటలో మా ఆఫీసున్న బంగళా ఎంత పాతదంటే, దాని గోడ మందం కొలవబోతే మా టేపు సగంలోనే అయిపోయింది. కాలవల పనులు చూసే దొర ఒకడు కట్టించుకున్నాడట. తర్వాత అది గోడౌనయింది, బడి అయింది, వరద వచ్చినప్పుడల్లా పేటంతటికీ ఇల్లయింది. చివరికి ఎందుకూ పనికిరాదని తేలాక ఆఫీసయింది. కప్పు ఎంత ఎత్తంటే, పొద్దున వేసిన ఫ్యాను గాలి నా బల్ల దాకా దిగేసరికి భోజనాల వేళయ్యేది.

పెరటివైపు, బంగళాకు ఆనుకుని, దొరగారి కుటుంబం ప్రార్థన చేసుకున్న చిన్న గది ఉంది. రంగుటద్దాల కిటికీ, దాని కింద ఓ రాతి అరుగు. మా హయాంలో ఆ అరుగు మీద కాళ్లు విరిగిన కుర్చీలు ఇంద్రకీలాద్రికి పోటీగా పెరిగాయి.

అలా ఉండగా, ఖాళీ గదుల జాబితా పంపమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా హెడ్డుగారు గది గదికీ తిరిగి చెబుతుంటే నేను రాసుకున్నాను. పెరట్లోకి రాగానే ఆయన ఆ ప్రార్థన గదిని ఇంగ్లీషులో "చాపెల్ గది, ఒకటి, ఖాళీ" అన్నారు. మాది బందరు వైపు సముద్రపొడ్డు. చాపల్ని చేపలు అన్నవాడికి మా ఇంట్లో రెండోసారి పులుసు పొయ్యరు. పైగా ఆకలి వేళ. "చాపల గది, 1, ఖాళీ" అని ముత్యాల్లాంటి దస్తూరీతో రాశాను. హెడ్డుగారు చదవకుండానే సంతకం పెట్టారు. చదివి సంతకం పెట్టే అలవాటు ఆ బంగళాలో దొరతోనే పోయింది.

పది రోజుల్లో జవాబు వచ్చింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చోటు పోయిన చేపల బుట్టలవాళ్లకు, మీ దగ్గర చాపల గది ఎలాగూ ఉన్నందున, అది ఇవ్వవలసిందని.

నలుగురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ గడప దాటుతూనే కుర్చీల కొండను చూసి, దేవుడి అరుగు మీద ఈ చెత్తేమిటని నన్ను నిలదీసింది. ఆ కుర్చీలన్నీ నా చేతే మోయించింది. గోడకు చెయ్యానించి చూసుకుంది.

"బయట ఎండకి మజ్జానానికే సగం సరుకు పాడైపోద్ది బాబూ. ఇది సల్లగుంది. ఇది కూడా పోతే ఇంక నేను బుట్ట దించేయటమే."

రెండు నెలలు గడిచాయి. పాత కట్టడాల సంగతి చూసే ఆఫీసరుగారికి ఎవరో ఉప్పందించారు. గది ఖాళీ చేయించి, జాబితా రాసిన మహానుభావుణ్ణి పట్టుకుపోతానని బయలుదేరి వచ్చారు. ఆయన బూట్లలో నా మొహం కనిపించింది. బొత్తిగా బాగాలేదు.

పెద్దావిడ గుమ్మం పక్కన కూర్చుని బొచ్చె చాపకు పొలుసు తీస్తోంది. తలెత్తలేదు. "సెప్పులిడిసి రండి బాబూ. దేవుడి గది."

ఉద్యోగంలో చేరాక ఆయనకు అలా చెప్పినవాళ్లు లేరనుకుంటాను. గడప దగ్గరే వంగి బూట్లు విప్పారు. లోపల అప్పుడే కడిగిన నేల. మేజోళ్లు కృష్ణా కాలవంత నీళ్లు తాగాయి. అరుగు మీద బంతిపూలు, చిన్న దీపం. బుట్టలన్నీ తడి గోనెపట్టాలు కప్పుకుని ఎదుటి గోడ వారగా ఒద్దికగా ఉన్నాయి. ఇది దేవుడి గదని నీకెవరు చెప్పారని అడిగారాయన.

"ఒకరు సెప్పాలా అండీ? అరుగు సూత్తే తెలవదా?" అని, ఆవిడ నా వైపు తిరిగింది. "కాయితంలో సాపల గదని రాసింది ఈ బాబేనంటండీ. సల్లగుండాలి."

ఆ దీవెనతో నా ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. ఆఫీసరుగారు నన్నో చూపు చూశారు. అరుగును చూశారు. తడి మేజోళ్లలో అధికారం ఎంతోసేపు నిలవదు కాబోలు, జాబితా తెమ్మన్నారు. తప్పు దిద్దమని చెప్పసాగారు.

"చాపెల్, బ్రాకెట్లో చాపల గది, ఒకటి." బుట్టల వైపు చూశారు. "ఖాళీ లేదు."

ఈసారి విన్నది విన్నట్టే రాశాను. ఆయన కారెక్కి వెళ్లిపోయాక చూస్తే, బూట్లు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి, ఒకదానిలో పిల్లి తల పెట్టి ఉంది.