జోజప్ప పటం ముందు మా అత్త

జమ్మలమడుగు నుండి వచ్చిన మొదటి బస్సు దిగిన మనిషి, ప్రొద్దుటూరులో నేను పాఠం చెబుతున్న బడి గుమ్మం దగ్గర నిలబడి, "ఇన్నాసమ్మ పోయిందప్పా" అన్నాడు. సుద్దముక్క నా చేతిలోనే ఉండిపోయింది. మొన్న ఆదివారం పూజ ముగిసిన తర్వాత, చొక్కా గుండీ ఊడిందని నన్ను నలుగురిలో మందలించిన మేనత్త ఇక లేదన్న మాటను నా హృదయం అంగీకరించలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా పూర్తిగా అంగీకరించడం లేదు.

మా విచారణలో, అంటే మా గుడి కిందికి వచ్చే ఊళ్ళలో, ఆమెను ఎరుగనివారు అరుదు. ఎరుగనివారి కోసమే ఈ నాలుగు మాటలు. ఆమె ఉపదేశి కాదు, కన్యాస్త్రీ కాదు, వడ్రంగి శౌరయ్య భార్య. పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి, ఆనాడు ఏ పునీతుల పండుగో ఇరుగుపొరుగుకు గోడ మీదుగా ప్రకటించడం ఆమె నిత్యవ్రతం. గురువుల ప్రసంగాలలో విన్న పుణ్యచరిత్రలన్నీ ఆమెకు కంఠస్థం. "పునీతుల్ని గోడకు తగిలిచ్చి దండం పెడితే సాలదురా, వంటింట్లోకి పిల్చుకోవల్ల" అనేది. ఎవరి పండుగ వస్తే వారి సద్గుణం ఒకటి ఆ రోజు ఇంట్లో నడవవలసిందే.

పక్కింటి ఓబులప్ప మన మతస్థుడు కాడు, సేద్యగాడు. అయినా అత్త పునీతులందరూ ఆయనకు చుట్టాలైపోయారు. సేద్యగాడైన పునీతుడు ఇసిదోరువారు ప్రార్థనలో మునిగి ఉంటే దేవదూతలు వచ్చి ఆయన చేను దున్నిపెట్టారని ఒకనాడు ఆమె చెప్పింది. "మా చేనికి గూడా వస్తారా ఇన్నాసమ్మా?" అన్నాడాయన. "శానామంది వస్తారు మామా. ముందు నువ్వు మడక పట్టు." ఆయన నవ్వుకుంటూ ఎద్దులను తోలుకుపోయాడు.

ఇక మార్టీనువారి పండుగ సంగతి. ఆ మహానుభావుడు గుర్రం దిగి తన పైవస్త్రాన్ని సగం కోసి బిచ్చగాడికి కప్పాడు గనుక, అత్త ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంబళిని కత్తెరతో రెండు చేసి ఒక ముసలాయనకు సగం ఇచ్చింది. ఆ చలికాలమంతా మామకు కాళ్ళు బయటే. "ఆయప్పకు గుర్రముండె, సలేస్తే తోలుకోని పోతాండె. మంచం మీద పండుకునేవాణ్ణి, నేను యాడికి పోవల్ల?" అని మామ వచ్చినవారందరికీ మొర పెట్టుకునేవాడు. మరుసటి ఏడు ఆ పండుగ దగ్గరపడగానే కంబళిని తానే దాచిపెట్టాడు.

పునీతులందరిలోకీ ఆమెకు యేసును పెంచిన తండ్రి జోజప్ప అంటే ప్రాణం. ఆయన వడ్రంగులకు పాలకుడు, సుమరణాన్ని ప్రసాదించేవాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మామ తిరునాళ్ళలో ఒక పటం కొని, సొంత చేతులతో చట్రం బిగించి ఇచ్చాడు. ఒక చేత బాలయేసు, మరొక చేత తెల్లని పువ్వు, కింద ఏవో పరదేశపు అక్షరాలు. రోజూ సాయంత్రం ఆ పటం ముందు దీపం పెట్టి, తన పెనిమిటికీ తనకూ మంచి మరణం ఇప్పించమని వేడుకునేది.

అటువంటి మామ సింహాద్రిపురంలో ఒక మిద్దెకు దూలం ఎత్తుతూ జారిపడి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. గురువు వచ్చి, చనిపోయేవారికి తైలం పూసి ప్రార్థించే కడపటి అభ్యంగనం ఇచ్చే వ్యవధి కూడా లేకపోయింది. "పక్కన జోజప్ప నిలబడే ఉంటాడులే" అన్న ఒక్క నమ్మకంతో అత్త ఆ దుఃఖాన్ని దిగమింగింది. కొంతకాలానికి విచారణకు కొత్తగా వచ్చిన గురువు, స్వాములవారు, ఇళ్ళు ఆశీర్వదిస్తూ వచ్చి ఆ పటం చూసి, "అంతోనివారి పటం చాలా బాగుందమ్మా" అన్నారు. గడ్డం లేదని, నడుముకు తాడుందని, జోజప్ప ఇలా ఉండడని వివరంగా చెప్పారు. మామకూ గడ్డం ఉండేది కాదు, అందుకే కాబోలు అత్తకు ఏనాడూ అనుమానం రాలేదు.

"అయితే మా ఆయప్ప పడినబ్బుడు జోజప్ప ఆడ లేడా సామీ?" అని మాత్రం అడిగింది. ఆయన ఇల్లు ఆశీర్వదించి తర్వాతి ఇంటికి నడిచారు. మర్నాడు గోడ మీదుగా పునీతుల పేరు వినబడలేదు, సాయంత్రం దీపమూ వెలగలేదు.

ఓబులప్ప కబురు పెడితే, నేను ప్రొద్దుటూరులో గడ్డమున్న జోజప్ప పటం వెతికి కొని తీసుకువెళ్ళాను. అత్త రెండింటినీ ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. గోడ అవతల ఓబులప్ప మేత వేస్తూ ఆగిపోయాడు.

"చిన్నప్పా, ఈయప్ప ఎత్తుకున్నదీ ఆయప్ప ఎత్తుకున్నదీ ఒకే బిడ్డ గదరా" అన్నది చివరకు. "నేను అడిగిందంతా ఆ బిడ్డ సెవిలో పడిండాది. వాళ్ళ నాయనకు సెప్పకుండా ఉంటాడా?"

ఆ సాయంత్రం రెండు పటాల ముందూ దీపాలు వెలిగాయి. అంతోనివారిని మాత్రం, ఇన్నాళ్ళూ వేరే పేరుతో పిలిచినందుకు, క్షమించమని కోరింది.

అటువంటి అత్త వాకిట్లో నీళ్ళు చల్లుతూ చల్లుతూ కూలిపోయింది. పులివెందుల పక్క పల్లెలకు వెళ్ళిన స్వాములవారు తిరిగి వచ్చేసరికి అంతా ముగిసింది. జీవితమంతా మంచి మరణం కోరిన మనిషికి అభ్యంగనం అందలేదన్న బాధ సమాధి దగ్గర నన్ను కోసివేసింది. గద్దెలెక్కని పునీతురాలు ఆమె. ఆ తల్లికి నా సాష్టాంగ ప్రణామం. ఆమె స్థానాన్ని పూరించేవారు మా విచారణలో లేరు, ఇక రారు.

అందరూ వెళ్ళిపోయాక ఓబులప్ప వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏడవగాకప్పా. ఆ బిడ్డ వాళ్ళ నాయనకు సెప్పే ఉంటాడు."