మధ్యాహ్నం కొలవని నీరు

2022 మే నెలలో నేను దుబాయ్‌లోని జెబెల్ అలీ దగ్గర ఒక చేపల పెంపక కేంద్రంలో నర్సరీ మేనేజరుగా చేరాను. అంతకుముందు ముప్పై ఏళ్లు భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో చేపలు, రొయ్యలు పెంచినవాణ్ణి. ఎడారిలో సాల్మన్ పెంచుతామంటే మొదట నవ్వొచ్చింది. అది చలి దేశాల చేప. నదిలో పుట్టి, కాస్త పెరిగాక సముద్రంలోకి దిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి వస్తుంది. మా దగ్గర నదీ లేదు, చలీ లేదు. గుడ్లు విమానంలో వచ్చేవి. పెద్ద షెడ్డు లోపల, చిల్లర్లతో చల్లబరిచిన ట్యాంకుల్లో పిల్లలయ్యేవి.

ఈ చేపకు పెద్ద గండం మంచినీళ్ల నుంచి ఉప్పునీళ్లకు మారే వారాల్లోనే. ఆ వయసు పిల్లను స్మోల్ట్ అంటారు. అరచేతి పొడవు ఉంటుంది, ఒళ్లు వెండి రంగు తిరుగుతుంది, మొప్పలు ఉప్పును బయటికి తోసే పని కొత్తగా నేర్చుకుంటుంటాయి. అప్పుడు నీరు పదమూడు డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. బాగా వేడెక్కితే పిల్ల మేత ముట్టదు, ఒంటికి ప్రాణవాయువు ఎక్కువ కావాల్సివస్తుంది, వేడి నీటిలో అదేమో తక్కువ.

ఉప్పునీరు సముద్రం నుంచే తీసుకునేవాళ్లం. ఒడ్డున ఒక సంప్, అక్కణ్ణుంచి ఇసుక మీదుగా పైపు, వడపోత, ఆ తర్వాత చిల్లర్. ట్యాంకుల్లో నీటిని శుభ్రం చేసి మళ్లీ మళ్లీ వాడినా రోజూ కొంత కొత్త నీరు కలపాలి. వచ్చే నీటి వేడిని ఎప్పుడు కొలవాలో రాసిపెట్టే బాధ్యత నాది. తెల్లవారుజామున ఐదున్నరకు అని రాశాను. ఆలోచించి కాదు, అలవాటు కొద్దీ. చెరువులో రాత్రంతా నాచు ప్రాణవాయువును వాడేస్తే, తెల్లవారేసరికి చేప నోరు పైకి పెట్టి గుటకలు వేస్తుంది. చెరువు మనిషి భయమంతా ఆ వేళకే. నా అన్నేళ్ల ఉద్యోగంలో చేపలు చచ్చాయన్న కబురు మధ్యాహ్నం పూట ఎన్నడూ రాలేదు.

కొత్త నీరు తోడే సమయం కూడా నేనే పెట్టాను. వేసవిలో పన్నెండున్నర నుంచి మూడు వరకు బయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. పొద్దున మనుషులు సంప్ జాలీలు కడిగేస్తారు. బయట ఎవరూ లేని ఆ రెండున్నర గంటల్లో పంపు దానంతటదే తోడేలా పెట్టించి, భలే ఏర్పాటు చేశావోయ్ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ పంపు చూసే ఆపరేటర్ లింబాద్రి. నిజామాబాద్ వైపు మనిషి, నలభై ఐదేళ్లుంటాయి, అందులో పద్దెనిమిదేళ్లు దుబాయ్‌లోనే గడిచాయి. మధ్యాహ్నపు బ్రేక్‌లో పంపు రూములో నీడపట్టున కూర్చునేవాడు. జూలై చివర్లో ఒకరోజు మేత అట్టపెట్టె ముక్క ఒకటి పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"సార్, లోపలికొచ్చే పైపు ఉడుకుతున్నది. రూముల నల్లా ఇప్పి థర్మామీటర్ వెట్టి చూసిన. పొద్దుగాల మనం రాసే నంబరు, పగటీలి వచ్చే నీళ్ల నంబరు ఒక్కటి గాదు" అన్నాడు.

అట్ట మీద పది రోజుల లెక్క రాసి ఉంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ నాలుగైదు డిగ్రీల తేడా. ఆ వేసవి సముద్రమే వేడిగా ఉంది, ఎండలో పడి ఉన్న పైపు దాన్ని ఇంకాస్త కాచేది. నేను సరిగా చూడను కూడా చూడలేదు. "చేపలు చచ్చేది తెల్లారగట్ల నాయనా, మిట్టమధ్యాహ్నం కాదు. నాకు చెప్పొచ్చావా?" అని నవ్వాను. లింబాద్రి సరే సార్ అని, అట్టముక్క నా బల్ల మీదే పెట్టి వెళ్లిపోయాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆ వేడినీటిని చల్లబరిచే భారం మోయలేక మొదటి చిల్లర్ ఆగిపోయింది. దాని పని కూడా మీద పడేసరికి కాసేపటికి రెండోదీ ఆగింది. సాయంత్రానికి మళ్లీ నడిపించాం గానీ, ఆలోగా ట్యాంకులో వేడి ఇరవై దాటింది. స్మోల్టులన్నీ నీరొచ్చే గొట్టం దగ్గర గుంపుకట్టాయి. తర్వాత ఒక్కొక్కటే పక్కకు ఒరిగిపోయాయి. చచ్చినవాటిలో సగానికి పైగా నేనే వలతో ఎత్తి పారబోశాను. నాకు ఏడుపొచ్చింది. చేపల కోసం ఏడ్చింది నా సర్వీసులో అదొక్కసారే.

గుడ్లు పంపే దేశం నుంచి వచ్చిన పశువైద్యురాలు ఆ వారం అక్కడే ఉన్నారు. తమ సముద్రంలో ఇదే నెమ్మదిగా జరుగుతోందని ఆమె చెప్పారు. నీరు వేడెక్కేకొద్దీ పిల్లలు తినే చిన్న చిన్న జీవులు ఇంకా చల్లటి నీటిని వెతుక్కుంటూ పోతాయట. స్మోల్టు మాత్రం పాత లెక్కలోనే నది దిగి వచ్చి, తిండి దొరక్క బక్కచిక్కి, దేనికో ఆహారమైపోతుందట. మీకు చచ్చినవి కనిపిస్తాయి, మాకు తిరిగి రానివి మాత్రమే తెలుస్తాయి అన్నారామె.

చిల్లర్లు ఆగిన మర్నాడు విచారణ. ఆపరేషన్స్ డైరెక్టర్ ఈజిప్టు ఆయన, మేమంతా అరబ్బీలో ముదీర్, అంటే అధికారి, అనేవాళ్లం. లాగ్ బుక్ తిరగేశారు. మధ్యాహ్నం రీడింగ్ ఒక్కటీ లేదు. ఉడుకునీళ్లు వస్తుంటే పక్కనే కూర్చున్న ఆపరేటర్ ఎవరికీ చెప్పలేదంటే నిర్లక్ష్యమే, వీసా రద్దు చేసి ఇంటికి పంపండి, ఖలాస్ అన్నారు. చెప్పాడని నాకు తెలుసు. అట్టముక్క నా సొరుగులో ఉంది. పూర్తి నివేదిక రెండు రోజుల్లో ఇస్తానని మాత్రం చెప్పి బయటికొచ్చాను.

ఆ రెండు రోజులు చిల్లర్ల వివరాలు సేకరిస్తున్నానని అందరికీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. అసలు సంగతి, నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఆలోచిస్తున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడో రోజు పొద్దున నివేదిక రాశాను. కొలిచే వేళ నేను పెట్టినదే, తోడే వేళ నేను పెట్టినదే, ఆపరేటర్ ముందే హెచ్చరించాడు, నేను కొట్టిపారేశాను. కింద సంతకం చేసి అట్టముక్క జతచేశాను. ముదీర్ చివరిదాకా చదివారు. "యల్లా, ఇక కానివ్వండి, కొత్త ప్రొసీజర్ రాయండి" అన్నారు. లింబాద్రి వీసా రద్దు కాగితాలు వెనక్కి తీసుకున్నారు. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, నర్సరీ ఇంకొకరికి అప్పగించారు. 2024లో రిటైరయ్యేదాకా ఆ కొత్త మేనేజరు కింద సహాయకుడిగా పనిచేశాను.

ఆ సాయంత్రం నేనే పనివాళ్లు ఉండే క్యాంపుకు వెళ్లి లింబాద్రికి చెప్పాను. అప్పటికే అతను ఇంటికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాడు. వంట గిన్నెలు రూములోవాళ్లకు పంచేశాడు. అంతా విని, "ఇయ్యాల రాసిన ముచ్చట మొన్ననే రాయకపోతిరేంది సార్?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. అతను లేచి, పక్క మంచాలవాళ్ల దగ్గర గిన్నెలు తిరిగి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

వచ్చే నీటి వేడిని గంటగంటకూ కొలవాలని కొత్త ప్రొసీజర్‌లో రాశాను. అది వృత్తికి సంబంధించిన పాఠం. ఆ తర్వాత ఏ పొరపాటు జరిగినా, అందులో నా వంతు ఎంతో ఆ షిఫ్టు ముగిసేలోపే రాసి ఇచ్చేవాణ్ణి. ఆలస్యం చేసింది నేను. ఆ రెండు రోజులూ ఉద్యోగం పోయినవాడిగా బతికింది లింబాద్రి.