ఐదో నెంబరు గది రూతక్క

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, ఫోన్ మోగింది.

"అన్నా, రూతక్క పోయిందంట."

నమ్మలేదు. అవతలివాడిని తిట్టాను కూడా.

టీ కొట్టు మస్తాన్ నిక్షేపంలా ఉండగానే పోయాడని పుకారు లేపి, జనాన్ని పూలదండలతో వాళ్ళింటికి తోలిన ఘనుడిని నేను. ఇన్నాళ్ళకు నా మీద కక్ష తీర్చుకుంటున్నారనుకున్నాను.

కానీ ఫోన్‌లో ఏడుపు నిజం ఏడుపు.

టీ పెట్టుకుంటూ పొయ్యి దగ్గరే కూలిపోయిందంట. గుండె ఆగిందన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. రూతక్క మా గవర్నమెంటు ఆసుపత్రిలో హెచ్‌ఐవి కౌన్సిలర్. నాది గేటుకెదురుగా జిరాక్స్, నెట్ షాపు. పదో తరగతి తప్పాను. నోటికి మాత్రం డిస్టింక్షన్.

ఆసుపత్రిలో ఐదో నెంబరు గది అంటే హెచ్‌ఐవి గది. పరీక్షా అక్కడే, మందులూ అక్కడే. నా కుర్చీలో కూర్చుంటే ఆ తలుపు సూటిగా కనిపిస్తుంది.

పనిలేక ఒక జోకు పుట్టించాను. ఎవడు డల్‌గా కనపడినా, ఎవడు తల వంచుకుని పోతున్నా, "ఏరా, ఐదో నెంబరా?" అనడం.

బజారంతా పట్టుకుంది. ఆటోవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, చివరికి స్కూలు పిల్లలు కూడా.

నాకేమో పెద్ద గర్వం. సిగ్గులేని గర్వం.

అక్క ఫోన్‌లో ఎప్పుడూ ఏవో వెబ్‌సైట్లు చూస్తుండేది. హెచ్‌ఐవి మందులు, ఫ్యామిలీ ప్లానింగ్, రెండూ ఒకే చోట ఎలా ఇవ్వాలో నేర్పే పాఠాలు, వీడియోలు. అన్నీ ఇంగ్లీషే. ఆమె తెలుగులో చెప్తుంటే నేను టైపు కొట్టి ప్రింటు తీసేవాడిని.

"ఇది చూడు సీనా. మందులకొచ్చినామెని అదే కుర్చీలో కూచోబెట్టి, నీకు బిడ్డలు కావాల్నా, ఇప్పుడే వద్దా అని అడగమంటుండారు. కావాల్నా అని అడగమంటుండారబ్బా! మనోళ్ళు ఆపరేషను చేయించుకో పో అనే మాట తప్ప ఇంకోటి అన్నారా?"

"వాళ్ళు బిడ్డల్ని కనొచ్చాక్కా?"

"మందులు సరిగ్గా ఏసుకుంటే కనొచ్చు. బిడ్డకి రాకుండా చూసుకోవచ్చు. నువ్వు నోరు మూసుకోని కొట్టు."

కొట్టాను. అర్థం చేసుకున్నది మాత్రం సున్నా.

ఒకరోజు వచ్చింది. చేతిలో ఫోన్ లేదు, ముఖంలో నవ్వు లేదు.

"సీనా, నీ జోకు బాగా పనిచేసిందిరా. నలుగురు ఆడోళ్ళు మందులకి రావడం మానేసినారు. వాళ్ళలో ఒకామె కడుపుతో ఉంది."

"ఎవరక్కా?"

"నీకు చెప్పేదానికన్నా మైకులో చెప్పడం మేలు. మందులు ఆపి నెల దాటింది. ఇట్నే ఉంటే లోపలి బిడ్డకి కూడా రావచ్చు. ఫోన్ చేస్తే, ఆ తలుపు తొయ్యలేనక్కా, బజారు చూస్తా ఉంటది అని ఏడ్చింది."



అక్క నన్ను ఇంకేమీ అనలేదు. నేను కొట్టిన ఆ ప్రింట్లే తీసుకెళ్ళి పెద్ద డాక్టరు టేబుల్ మీద పెట్టింది. ఎంత పోరిందో ఏమో, వారం తిరగకుండా ఫ్యామిలీ ప్లానింగ్ నర్సమ్మ టేబులు కూడా ఐదో నెంబరు గదిలోకే వచ్చేసింది. కాపర్ టీ, మాత్రలు, నిరోధ్, హెచ్‌ఐవి మందులు, అన్నీ ఒకే తలుపు వెనక.

ఎవరు దేనికి పోతున్నారో బయటివాడికి తెలియకూడదు. అదీ ఆమె ప్లాను.

తలుపు మీద నెంబరు చెరిపించింది. కొత్త బోర్డు నాతోనే చేయించింది. "కుటుంబ సలహా గది."

అయినా బెంచీ ఖాళీ. నా జోకు అంత గట్టిది మరి.

"సీనా, వచ్చి బెంచీ మీద కూచో."

"నేనెందుకక్కా?"

"నిరోధ్‌కి. ఆ జోకు లేపినోడివి నువ్వే కదా, ముందు నువ్వే కూచో."

కూర్చున్నాను. గేటు దగ్గర మస్తాన్ వదులుతాడా?

"సీనన్నా, ఐదో నెంబరా?"

అందరూ ఒకటే నవ్వు. నా జోకు నాకే తగిలితే ఎక్కడ మండుతుందో అప్పుడు తెలిసింది.

లోపలికి పోయి ప్యాకెట్టు తెచ్చి, అందరికీ కనపడేలా ఊపాను. "నిరోధ్‌కొచ్చినా మస్తానూ. నీగ్గూడా తెచ్చేదా? నలుగురు బిడ్డలు చాల్లేదా నీకు?"

ఈసారి నవ్వు మస్తాన్ మీదికి పోయింది. చంటిబిడ్డలతో నిలబడి ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుకుంటూనే లోపలికి పోయారు. మర్నాటి నుంచి బెంచీ నిండింది. జోకు చచ్చింది.

పది రోజుల తర్వాత అక్క షాపు ముందు ఆగి ఒకే మాట చెప్పింది.

"వచ్చింది."

అంతే. ఆ కడుపుతో ఉన్నామె అని నాకర్థమైంది. అక్క వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళకేమో, మలై కాజా డబ్బా తెచ్చి జిరాక్స్ మిషను మీద పెట్టింది.

"తిను. ఎందుకని అడగమాక."

అడగలేదు. బిడ్డకు ఏడాదిన్నరకు చేసే ఆఖరి హెచ్‌ఐవి పరీక్షలో ఏమీ లేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసిపోయింది. వెనక్కి తిరిగి, ఏడుస్తూ తిన్నాను.

ఆ తల్లి ఎవరో అక్క చివరిదాకా చెప్పలేదు. నేనూ అడగలేదు.

అమ్మా, నువ్వెవరో నాకు తెలియదు. ఈ పోస్టు నీ ఫోన్‌లోకి వస్తే, తప్పయిపోయింది తల్లీ. అక్క ఉండగానే ఈ మాట చెప్పి పంపాల్సింది.

అక్క చెప్పగా కొట్టిన పేజీలన్నీ నా కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. ఏ ఊరి నర్సమ్మకు కావాలన్నా పంపిస్తాను.

ఈరోజు పొద్దున సమాధి చేశాము. జువ్వలదిన్నె నుంచి ఎండుచేపల పని ఆపుకుని వచ్చినవాళ్ళు, కాళ్ళకు పొలం బురదతో వచ్చినవాళ్ళు, టీచరమ్మలు, ఎంతమంది ఆడవాళ్ళో.

పాత పాడు అలవాటు. నా కళ్ళు వాళ్ళ మీదికి పోయాయి. ఎవరు దేనికి ఆ గదికి వచ్చినవాళ్ళో ఒక్కరి గురించి కూడా చెప్పలేకపోయాను.

ఒక చిన్నపిల్ల గుప్పెడు మట్టి సమాధిలో వేయబోయి నా కాళ్ళ మీద పోసి నవ్వింది.

ఆ బిడ్డే కావచ్చు. కాకపోవచ్చు.

నువ్వు గెలిచావు రూతక్కా.

పోయిరా. నువ్వు పోయిన చోట ఏ తలుపుకీ నెంబరు ఉండకూడదు. ఇక హాయిగా నిద్రపో అక్కా.