నిప్పున్న కొస

మా మామ్మ చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు, అడ్డపొగ అంటే చాలు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించాక దాన్ని తిప్పి, కాలే కొసను లోపలికి పెట్టి, పెదవులు మూసేస్తారు. గాలికి ఆరదు. బూడిద ఒంటి మీద రాలదు. చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. మలేషియాలోని ఈ బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లోకి కూలికి వచ్చిన మామ్మ తల్లి కూడా ఇలాగే కాల్చేదట. సముద్రపు గాలి ఆగకుండా వీచే చోట అది తెలివైన పద్ధతే అని ఇంజనీరింగ్ చదివిన నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చిన్నప్పుడు మామ్మ పెరటి మెట్టు మీద కూర్చుని, నోరు మూసుకుని, ముక్కులోంచి పొగ వదులుతూ కొబ్బరి ఈనెలు చీరుతుంటే, అందరి మామ్మలూ ఇలాగే ఉంటారనుకునేవాణ్ని.

కొంతకాలం కిందట పంటి నొప్పికని అత్త ఆవిణ్ని ప్రభుత్వ దంత వైద్యశాలకు తీసుకెళ్లింది. డాక్టరు నోట్లోకి లైటు వేసి, పంటి సంగతి వదిలేసి, అంగిలి వైపే చాలాసేపు చూసిందట. అక్కడ తెల్లగా మచ్చ కట్టింది, మధ్యలో ఎర్రటి చుక్కలున్నాయి. ఆ నిప్పు మానేస్తే తగ్గే అవకాశం ఉంది. మానకపోతే వచ్చేసారి అక్కడ చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలి అందట. ఆ పరీక్షలో ఏం తేలుతుందోనన్న భయంతోనే అత్త నాకు ఫోన్ చేసింది.

అత్త మా నాన్న చెల్లెలు. మామ్మను చూసుకునేది ఆవిడే. పగలంతా బడి క్యాంటీన్‌లో వంట చేస్తుంది.

"ఒరే బావూ, సుట్ట మానమంటే మానదు. ఆ వేప్ కుర్రోళ్లు తాగుతారు సూడు, దాంట్లో నిప్పు నేదంట గదా? సౌకగా ఒకటి కొనీసి, నువ్వే సెక్ సేసి అట్టుకునిరా. నీ పనే అది గదా లా."

మాట చివర 'లా' ఇక్కడి మలయ్ అలవాటు. నిజమే, ఇంచుమించు అదే నా పని. పెనాంగ్‌లో ఒక కర్మాగారంలో, తయారైన సర్క్యూట్ బోర్డులు ఎలా పాడవుతాయో చూసే విభాగంలో ఉద్యోగం. వేడి చేస్తాం, చల్లబరుస్తాం, కుదుపుతాం, తేమలో పెడతాం. వేప్ మంచిదేనా అని డాక్టరును అడిగావా అన్నాను. అడిగిందట. డాక్టరు తల అడ్డంగానూ కాక నిలువుగానూ కాక ఊపి, ఏదీ లేకపోవడమే మంచిది, కానీ ముందు ఆ నిప్పు నోట్లోంచి బయటికి రావాలి అందట. ఈ జవాబును ఏ గడిలో రాసుకోవాలో నాకు తెలియలేదు. అక్కడి నుంచే నా అయోమయం మొదలైంది.

కొన్నది చవకరకం ఈ-సిగరెట్. పెన్ను కంటే కాస్త లావు, చుట్టంత పొడవు. పై కొస బల్లపరుపుగా ఉంటుంది, అది పెదవులకు. కింది కొసన చార్జింగ్ రంధ్రం, గాలి వెళ్లే సన్నటి చిల్లు, ఒక ఎర్రటి దీపం. బటన్ లేదు. పై నుంచి పీలిస్తే లోపలి సెన్సర్ కనిపెట్టి తీగను వేడి చేస్తుంది, ద్రవం ఆవిరవుతుంది, అడుగున ఎర్ర దీపం వెలుగుతుంది. ద్రవంలో నికోటిన్ తక్కువగా ఉన్నది చూసి తీసుకున్నాను.

నాకు పొగ అలవాటు లేదు. అందుకని మందుల షాపు నుంచి పెద్ద సిరంజి తెచ్చి, ఆక్వేరియం ట్యూబు తగిలించి, దాంతో పీల్పించాను. చేసిన పరీక్షలు ఇవి: టిష్యూ కాగితం మీద పడుకోబెట్టీ, రోజుల తరబడి నిటారుగా నిలబెట్టీ కారుతుందేమో చూడటం, చొక్కా జేబులో తలకిందులుగా పెట్టుకుని తిరగడం, మిట్టమధ్యాహ్నం ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం, మామ్మ కూర్చునే మెట్టంత ఎత్తు నుంచి గచ్చు మీద పడేయడం. బ్యాటరీ పెట్టె మీద చెప్పిన దానికంటే తక్కువే నిలిచింది. చవకవాటిల్లో అది మామూలే. రంగు ఒక మూల లేచింది. అతుకు దగ్గర గోరు పట్టేంత సందు ఉంది. కానీ ఒక్క చుక్క కారలేదు, ఒక్కసారి కూడా దానంతటది వెలగలేదు. ధరకు తగ్గ వస్తువు అని తేల్చుకుని బాగన్ దాతుక్ బయలుదేరాను.

మామ్మ దాన్ని రెండు చేతుల్లో తిప్పి తిప్పి చూసింది.

"ఇదేటిరా, పెన్నా?"

"సుట్ట లాంటిదే మామ్మా. నిప్పు ఉండదు."

"నిప్పు నేకపోతే సుట్టెలగవుద్ది? నన్ను ఆటాడిస్తన్నావేటి?"

ఆవిడకు నచ్చజెప్పాలి. వెంట తెచ్చిన సిరంజితో పీల్పించాను. అడుగున ఎర్రదీపం వెలిగింది.

"అదిగో, అదే నిప్పనుకో," అన్నాను.

మామ్మ వంగి ఆ దీపం వైపు చూసింది. ముఖంలో కాస్త నమ్మకం వచ్చింది. బల్లపరుపు కొసను చూపించి, ఇక్కడ పెదవులు పెట్టాలని చెప్పాను. చెప్పినట్టే పెట్టుకుని పీల్చింది, దగ్గింది, "తీపిగున్నాదిరా, కుయ్ తిన్నట్టున్నాది," అంది. కుయ్ అంటే ఇక్కడి కొబ్బరిపాల మిఠాయి. అత్త నవ్వింది. నేనూ నిశ్చింతగా పెనాంగ్ వచ్చేశాను.

వారం తిరగకుండా ఫోన్.

"రోసక్ అయిపోనాదిరా," అంది అత్త. పాడైపోయిందని. "లైటు దానంతటదే ఎలగతాది, ఆరతాది, మల్లా ఎలగతాది. దాని ఒల్లు వెచ్చగా ఉంటన్నాది."

వెనక నుంచి మామ్మ గొంతు: "పాడవనేదు! ఇప్పుడే బాగైనాదని సెప్పు. మొదట్ల పొగే రానేదు."

ఒకే పరికరం గురించి, ఒకే ఫోన్‌లో, రెండు రిపోర్టులు. అత్త దృష్టిలో మంచిగా ఉన్నది పాడైంది, మామ్మ దృష్టిలో పాడుగా ఉన్నది బాగైంది. ఎవరూ పీల్చకుండా వెలగడం అంటే సెన్సర్‌లోకి తడి చేరిందని. అది ప్రమాదం. వెంటనే ఆపేయమని చెప్పి, ఆ శనివారం వెళ్లి కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకున్నాను.

విప్పి చూస్తే లోపలంతా జిగురు. ద్రవం పై నుంచి కిందికి, బ్యాటరీ పక్కనుంచి సెన్సర్ దాకా వచ్చింది. ఎలా వచ్చింది? రోజుల తరబడి నిటారుగా నిలబెట్టి చూసినప్పుడు నా దగ్గర రాలేదే. చార్జింగ్ రంధ్రంలో ఇంకేదో తడి కూడా ఉంది, ద్రవం కంటే పలచన. సముద్రపు గాలిలో ఉప్పుతేమ అనుకున్నాను. మామ్మ చేతులకు ఎప్పుడూ ఉండే కొబ్బరినూనె అనుకున్నాను. మా విభాగంలో సహోద్యోగి ఒకడు, వాడు వేప్ తాగుతాడు, అరచేతిలో పెట్టుకుని చూసి, "మీ మామ్మ దీన్ని టీలో ముంచుకుని తిన్నట్టుంది," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఉప్పునీటి ఆవిరిలో ఒకటి, కొబ్బరినూనె పూసి ఇంకొకటి, రెండు కొత్తవి పరీక్షించాను. రెండూ చక్కగా పనిచేశాయి.

ఈలోగా మామ్మ దగ్గరున్న రెండోది కూడా అలాగే అయింది.

ఈసారి వెళ్లి మూడోది ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాను. "తాగు మామ్మా, చూస్తాను," అన్నాను. ఆవిడ బుద్ధిగా, బడిపిల్లలా, బల్లపరుపు కొస పెదవుల మధ్య పెట్టుకుని పీల్చింది. దీపం వెలిగింది. ఆరింది. అంతా సవ్యం. పొద్దంతా కూర్చున్నాను, తప్పు దొరకలేదు. మా కర్మాగారంలోనూ ఇలాంటివి వస్తుంటాయి. మేం చూస్తున్నంత సేపూ బాగుండి, వాడేవాడి చేతికి వెళ్లగానే పాడయ్యే బోర్డులు. వాటి మీద 'తప్పు కనబడలేదు' అని రాసి పక్కన పెడతాం. మామ్మ మీద అలా రాయలేను. ఒక సంగతి మాత్రం అత్త చెప్పింది: మామ్మ చుట్టల డబ్బా మూత తీసి రోజులైంది. చుట్టలు కొనుక్కురమ్మని అడగడం కూడా మానేసింది.

అంటే పనికిరాని వస్తువు పనిచేస్తోంది. నాకు ఏమీ అర్థం కాలేదు.

ఆ తర్వాత ఒక సెలవు రోజున చెప్పకుండా వెళ్లాను. పరీక్షకని కాదు, దగ్గర్లో స్నేహితుడి పెళ్లి. వంటింట్లో అత్త చేపలు శుభ్రం చేస్తోంది. పెరటి తలుపు తీసి ఉంది. మామ్మ మెట్టు మీద, నాకు పక్కవాటుగా, పామాయిల్ తోట వైపు తిరిగి కూర్చుంది. చేతిలో ఈనెల కట్ట. పెదవులు మూసి ఉన్నాయి. ఆ పెదవుల మధ్య నుంచి పరికరం బయటికి పొడుచుకొచ్చి ఉంది.

బల్లపరుపు కొస బయట, గాలిలో ఉంది.

దీపం, చిల్లు, చార్జింగ్ రంధ్రం ఉన్న కొస నోట్లో ఉంది. పెదవుల చర్మం వెనక నుంచి ఎర్రగా వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. ముక్కులోంచి సన్నగా ఆవిరి వచ్చింది.

నేను అత్త వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అత్తా, మామ్మ దాన్ని తిరగేసి పెట్టుకుంది," అన్నాను.

అత్త చేప మీంచి తలెత్తి చూసింది. "ఏటి తిరగేసింది?"

"వేప్. అడుగు నోట్లో ఉంది."

"అవును మరి. అలగే గదా తాగుద్ది. మరెలగ ఎట్టుకుంటాది?" అని మళ్లీ పొలుసు గీకడంలో పడింది.

రోజూ చూస్తోంది. ఆవిడకు అందులో చెప్పాల్సింది ఏమీ కనబడలేదు. చిన్నప్పటినుంచీ చూసిన నాకూ తట్టలేదు. సముద్రపు గాలిని అనుమానించాను, నూనెను అనుమానించాను, మా మామ్మ చుట్ట ఎలా కాలుస్తుందో మాత్రం మరిచిపోయాను. కింద నుంచి పీలిస్తే సెన్సర్ కనిపెట్టదు, ద్రవం మాత్రం కిందికే కదా వస్తుంది. వచ్చి సెన్సర్‌ను తడిపి, దానంతటది వెలిగేలా చేసింది. అప్పటిదాకా ఆవిడకు పొగ రాలేదు, పాడయ్యాకే వచ్చింది. ఆవిడ రిపోర్టు అక్షరాలా నిజం.

బ్యాటరీ ఉన్నది ఆ కొసనే. అది గుర్తొచ్చి ఒక్క ఊపున మెట్టు దగ్గరికి వెళ్లాను.

"మామ్మా, అది తీసీ. ఆ వైపు పెట్టకూడదు."

తీసింది. "నిప్పు ఇటేపే ఉన్నాదని నువ్వే గదరా సెప్పినావు."

"మరి నేను చూసినప్పుడు అటేపు పెట్టుకున్నావు కదా?"

"నువ్వు పెనాంగ్ నుంచి ఒచ్చి, ముచ్చటపడి నేర్పినావు. నీ ముందర కాదనలేక అలగ తాగినాను. నువ్వెల్లిపోయినాక నాకెలగ కావాల్నో అలగ తాగినాను. తప్పేటి?"

"లోపల బ్యాటరీ ఉంది. పేలితే?"

"ఇన్నేల్లు నిప్పే ఎట్టుకున్నాను. ఈ మినుగురుపురుగుకి బయపడతానేటి?"

"అంగిలి చూసుకో మామ్మా," అన్నాను. "కోస్తారట."

ఆవిడ నాలుకతో లోపల ఎక్కడో తడుముకుంది. చేయి మాత్రం పక్కనున్న రేకు డబ్బా మీదికి వెళ్లింది. చుట్టల డబ్బా. నేను పరికరం లాక్కుంటే ఆవిడ వెళ్లేది అక్కడికే.

కారులో ఎప్పుడూ ఉండే పనిముట్ల సంచీ తెచ్చి, అక్కడే మెట్టు మీద కూర్చుని పరికరాన్ని విప్పాను. గోరు పట్టేంత సందుందని నేను తప్పుపట్టిన అతుకే ఇప్పుడు పనికొచ్చింది. బ్యాటరీ, సెన్సర్, తీగ, ద్రవం నిండిన దూది అన్నీ తీసేశాను. వేడినీళ్లతో కడిగాను. మిగిలింది ఒక గొట్టం, పై మూత, అడుగు మూత. గట్టిగా బిగించి, ఊడి రాకుండా ఉందని రెండుసార్లు లాగి చూసి మామ్మకు ఇచ్చాను.

ఆవిడ దాన్ని కళ్ల దగ్గరగా పట్టుకుంది. ఒక కొస చూసింది. ఇంకో కొస చూసింది.

"నిప్పు ఎటేపురా?"

"ఎటేపూ లేదు మామ్మా."

"మరి ఎటేపు ఎట్టుకోవాల?"

లోపలి నుంచి అత్త అరిచింది, "ఎటేపో ఒకేపు ఎట్టుకో లా అమ్మా, ఆడు పెల్లికెల్లాల!" మామ్మ కాసేపు నా వైపు, కాసేపు డబ్బా వైపు చూసింది. నేను చెప్పులు తొడుక్కునేదాకా డబ్బా మూత తెరుచుకోలేదు. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. తెరవలేదనే అత్త చెబుతుంది.

దంత వైద్యశాలకు ఈసారి నేనే తీసుకెళ్లాను. డాక్టరు అంగిలి వైపు మళ్లీ చాలాసేపు చూసి, మచ్చ పలచబడింది, ఎర్రచుక్కలు కనబడటం లేదు, ఇప్పటికి కోయక్కరలేదు అని మలయ్‌లో చెప్పింది. ఎలా మానిపించారని అడిగింది. వేప్ అన్నాను. ఆవిడ ముఖం చిట్లించింది. కాదు, పాడైన వేప్ అన్నాను. అదీ కాదు, ఏమీ లేని వేప్ అన్నాను. ఆవిడ రాయబోయి కలం ఆపి నా వైపు చూసింది. అప్పటికి ఆవిడ కంటే నేనే ఎక్కువ అయోమయంలో ఉన్నాను. ఏది పనిచేసిందని చెప్పాలి? నేను పరీక్షించినవేవీ ఇప్పుడు అందులో లేవు.

కుర్చీలో పడుకోబోయే ముందు మామ్మ నోట్లోంచి తీసి నా అరచేతిలో పెట్టిన గొట్టం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ గది లైటు కింద దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. రెండు కొసలూ తడిగానే ఉన్నాయి.