ఉప్పు చేతికియ్యని ఇల్లు

కాశిబుగ్గ చరిత్రను రెండు యుగాలుగా విడదీయవచ్చు: సమ్మమ్మ ఉప్పు చేతికిచ్చిన కాలం, ఇవ్వడం మానేసిన కాలం.

మొదటి యుగం ఒక మధ్యాహ్నంతో ముగిసింది. ఆ పూట సమ్మమ్మ తన తోడికోడలు మొగిలమ్మ అరచేతిలో గుప్పెడు దొడ్డుప్పు పోసింది. సాయంత్రం నల్లా దగ్గర మాటామాటా పెరిగింది. నెల తిరక్కుండా ఉమ్మడి ఇంటి నడుమ గోడ లేచింది. ఆ వంశం కట్టించిన వాటిలో ఇప్పటికీ బీటలు వారనిది ఆ గోడ ఒక్కటే. తప్పు నల్లాది కాదు, బిందెలది కాదు, ఇద్దరి నోళ్లది అసలే కాదు, ఉప్పుదేనని సమ్మమ్మ తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకరి ఉప్పు ఒకరు ముట్టరు. చేతికివ్వరు, కంచంలోనూ వెయ్యరు. గిన్నె నడుమ ఉంటుంది. ఎవరిది వాళ్లే తీసుకోవాలి.

కోడలు శోభారాణి పెళ్లైన కొత్తలో ఈ శాసనాన్ని ఒక్కసారి ధిక్కరించి, ఫలితం అనుభవించి, ఆ తర్వాత దాని జోలికి పోలేదు. బ్లౌజులు కుట్టి ఇంటికి తన వంతు తెచ్చే మనిషి. ఉప్పుతో తగువు పెట్టుకునే తీరిక ఆమెకు లేదు. పైగా ఇప్పుడు అంతకంటే పెద్ద తలనొప్పి ఒకటుంది. ఆ ఇంట్లో ఉప్పు తప్ప తక్కినవన్నీ చేతికిస్తారు. చేతికేమిటి, సరాసరి నోటికే.

ఆ నోరు ఆమె కూతురు కావ్యది. ఏడేళ్ల పిల్లకు ఆగకుండా ఫిట్స్ వచ్చేవి. ఏ మందుకూ లొంగకపోతే హైదరాబాద్‌లో తలకు పెద్ద ఆపరేషన్ చేసి, ఫిట్స్ పుడుతున్న కుడి సగం మెదడుకు రెండో సగంతో సంబంధం తెంపేశారు. డాక్టర్ బొమ్మలు గీసి చెప్పినా సమ్మమ్మకు ఎక్కలేదు. చివరికి కొడుకు ఓంప్రకాశ్, "మనింటి నడుమ గోడ లెక్కనే అమ్మా," అంటే ఆమెకు వైద్యశాస్త్రమంతా ఒక్కసారిగా బోధపడింది.

ఫిట్స్ ఆగాయి. బదులుగా ఎడమ కాలు, ఎడమ చెయ్యి మొరాయించాయి. కాలు మెల్లగా దారికొచ్చింది. ఈడ్చుకుంటూనైనా కావ్య గల్లీ చివరిదాకా వెళ్లొస్తోంది. చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని, రొమ్ముకు ఆనుకుని, అలిగిన అల్లుడిలా కూర్చుంది.

"మిగిలిన సగం మెదడు ఈ చేతి పని గూడ నేర్సుకుంటదక్కా," అంది హనుమకొండలో కసరత్తులు నేర్పే ఆసిమా మేడం. "చిన్నపిల్లల మెదడు గదా, కొత్త తొవ్వ ఏసుకుంటది. వేళ్లు ఎన్కటి లెక్క కాకపోవచ్చు, పట్టుడు, ఇడుసుడు మాత్రం రావచ్చు. కాకపోతే చేతికి అవసరం పడాలె. అన్నీ మీరే చేసిపెడితే అదెందుకు నేరుస్తది? ఈ నెలలు మల్ల రావు."

రోజూ కాసేపు మంచి చేతికి సంచి తొడిగి, ఎడమ చేత్తో పని చేయించమంది. జంపఖానాలు నేసే ఓంప్రకాశ్ మిగిలిన నూలుతో ఎర్రంచు సంచి ఒకటి నేసిపెట్టాడు. దాన్ని తొడిగిన మరుక్షణం గల్లీ యావత్తూ పునరావాస శిబిరమైపోయేది. ఒకరు బిస్కెట్ పొట్లం చించేవారు, ఒకరు చెప్పులు తొడిగేవారు. సమ్మమ్మతో మాటల్లేని మొగిలమ్మ సైతం గోడ మీంచి జాంపండు కోసి మరీ అందించేది. వద్దని అరిచినందుకు శోభారాణికి గుండె లేని తల్లి అన్న బిరుదు ఏకగ్రీవంగా దక్కింది.

"అత్తమ్మా, దాన్నే తిననియ్యి."

"ఎట్ల తింటదే? కుడిచెయ్యేమో సంచిల వెడితివి. ఎడమచేత్తోని బువ్వ తినుమంటవా? చూసినోళ్లేమంటరు?"

"చూసినోళ్లొచ్చి చెయ్యి తెప్పిస్తరా?"

"బిడ్డ ఆకలికి ఒర్రుతాంది, నీకు పట్టదు."

"ఒర్రుతలేదు. టీవీ చూస్తాంది."

శోభారాణి బతిమాలింది, అలిగింది, ఓ పూట పస్తు ఉంది. ఫోన్లో ఆసిమా చేత ఉపన్యాసం ఇప్పించింది. సమ్మమ్మ దాన్ని భక్తిగా విన్నది. వింటూనే నాలుగు ముద్దలు పెట్టేసింది.

అలాంటి ఇంట్లో ఒక ఆదివారం బీరకాయ కూర వండారు. వాకిట్లో, కుడిచేతికి సంచితో కూర్చున్న మనవరాలికి సమ్మమ్మ ముద్ద కలిపి పెట్టింది. కావ్య మూతి తిప్పేసింది.

"నానమ్మా, సప్పగున్నది. ఉప్పు."

సమ్మమ్మ చెయ్యి గిన్నెదాకా పోయి ఆగిపోయింది. "శోభా, జర బిడ్డకు ఉప్పెయ్యి."

హుక్కులు కుడుతున్న శోభారాణి తలెత్తింది. ఇన్నేళ్లు మోసిన శాసనం మొదటిసారి అక్కరకొచ్చింది.

"నేనెట్లేస్త అత్తమ్మా? ఎవల ఉప్పు వాళ్లే తీసుకోవాలె గద. మొగిలమ్మ అత్తమ్మ సంగతి యాదిలేదా?"

"ఓంప్రకాశ్, నువ్వన్న ఎయ్యిరా."

"నాతోని కాదమ్మా. ఇంకో గోడ కట్టేటందుకు జాగ లేదు."

"అయితే ఆ సంచన్న తియ్యుండ్రి!"

"తియ్యనంటే తియ్య," అంది శోభారాణి.

ఒకవైపు ఎడమచెయ్యి, మరోవైపు గోడ. సమ్మమ్మ గోడవైపు ఒకసారి చూసింది. గిన్నెను మోచేత్తో మనవరాలి ముందుకు జరిపింది. "తీస్కో బిడ్డా. ఏ చేత్తోనన్న తీస్కో."

ముందు భుజం లేచింది. తర్వాత మోచెయ్యి. పిడికిలి గిన్నె అంచు మీద పడి, గిన్నె ఒరిగింది. సమ్మమ్మ చెయ్యి ముందుకు దూకింది. శోభారాణి ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆగు."

మూతి బిగించి, నాలుక పంటికింద పెట్టి, కావ్య తన చేతివంక కోపంగా చూసింది. వేళ్లు సగం విచ్చుకున్నాయి. గిన్నెలో గీరాయి. మూసుకున్నాయి. కంచం దాకా వచ్చేసరికి సగం ఉప్పు నేలపాలైంది. మిగతా సగం అన్నంలో పడింది.

"పడ్డది," అంది కావ్య.

ఓంప్రకాశ్ వీడియోకని ఫోన్ తీసేలోపే అంతా అయిపోయింది. అయినా ఆసిమాకు ఫోన్ వెళ్లింది. అవతల ఆమె కేక ఇంట్లో అందరికీ వినబడింది. గోడ మీంచి మొగిలమ్మ తొంగిచూసింది. "బిడ్డ ఉప్పు తీసింది!" అని సమ్మమ్మ, తోడికోడలికి కాదు, గోడకే చెబుతున్నట్టు చెప్పింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ శోభారాణి లెక్కగట్టింది: సగం మెదడు తొవ్వ దొరకబట్టుకుంది, కాశిబుగ్గలో మూడో యుగం మొదలైంది.

మిగిలిన అన్నం సమ్మమ్మే తినిపించింది.