బిళ్ల అంచు

మా ఆయన కుదురుగా కూర్చునేది భూతద్దం కంటికి పెట్టుకున్నప్పుడే. మిగతా వేళల్లో కాలు కాలిన పిల్లి. ముందుగదిలో కిటికీ పక్కన ఆయన బల్ల ఉంటుంది, దాని మీద చిన్న త్రాసు, దీపం, మెత్తటి గుడ్డ. పాత వెండి నాణేలు పట్టుకుని ఎవరెవరో వస్తుంటారు. ఎక్కువగా స్పెయిన్ రాజుల నాటివే. సముద్రాల అవతల తాము ఏలిన దేశాల్లో వెండి తవ్వించి, అక్కడే అచ్చు వేయించి, ఓడలకెత్తి లోకమంతా తిప్పిన పెద్ద బిళ్లలు. ఒకవైపు రాజు తల, రెండోవైపు రెండు స్తంభాల నడుమ కిరీటం పెట్టిన డాలు. అది అసలుదా, నకిలీదా, ఎంత పలుకుతుంది, ఇవన్నీ ఈయన చెప్పాలి. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి, ఎం అక్షరం నెత్తిన బుల్లి సున్నా చూసి ఆ బిళ్ల ఏ టంకశాలలో పుట్టిందో చెప్పేస్తాడు. ఎవరైనా తళతళా తోముకొచ్చారో, అయిపోయారే. సగం ధర చేజేతులా కడిగేసుకున్నారని వాళ్లకు తలంటి పంపిస్తాడు.

వచ్చినవాళ్లు రాజుగారి మొహం చూపిస్తే ఈయన బిళ్లను పక్కకు తిప్పి అంచు చూస్తాడు. అసలుదానికి చుట్టూ ఒక సున్నా, ఒక నలుచదరం, మళ్లీ సున్నా, అలా నగిషీ నడుస్తుంది. రెండు ఇనప పట్టీల మధ్య దొర్లించి వేసేవారట, అందుకని ఎదురెదురుగా రెండు చోట్ల నగిషీ ఒకదాని మీదికొకటి ఎక్కి తడబడుతుంది. ఆ తడబాటు కనిపిస్తే ఈయన ఊపిరి పీల్చుకుంటాడు. పోత పోసిన నకిలీకైతే అంచు పొడవునా సన్నటి అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తూ ఉంటాయి.

ఇంత చేసే మనిషి అంచు చూడని బిళ్ల ఒకటి ఉండేది. అది నా మెడలోనే ఉండేది.

పడుచుతనంలో ఈయన వెండిపని చేసేవాడు. ఒకనాడు ఈయనా, ఈయన ప్రాణస్నేహితుడూ ఒకే మనిషి దగ్గర ఇలాంటి బిళ్లలు చెరొకటి కొన్నారు. రెంటికీ ఈయనే చుట్టూ వెండి కట్టు బిగించాడు. ఒకటి నా మెడలోకి వచ్చింది, ఇంకోటి ఆ స్నేహితుడి భార్య మెడలోకి వెళ్లింది. ఆ స్నేహితుడు పోయి చాలాకాలమైంది. ఆవిడ వెనక వీధిలో బట్టలు కుడుతుంది. మాకు కుట్టు వదిన.

కుట్టు వదినకు మోకాళ్లు పట్టేసి మిషను తొక్కలేకపోతోంది. మోటారు మిషను కొనుక్కోకపోతే పని ఆగిపోతుంది, పని ఆగితే పొయ్యి వెలగదు. అందుకే ఆ బిళ్ల అమ్మకానికి పెట్టింది. కొనే ఆయన కట్టు విప్పించి, అసలుదని మా ఆయన చేత చెప్పించమన్నాడట. ఆవిడ తెచ్చి బల్ల మీద పెట్టగానే, అద్దం కూడా పెట్టకుండా, అసలుదేనమ్మా, నేను కట్టిందేగా అనేశాడు ఈయన. కట్టు విప్పడానికి బిళ్ల అక్కడే వదిలి, ఆవిడ నిశ్చింతగా వెళ్లిపోయింది.

ఇంక చూడాలి ఈయన అవస్థ. పట్టకారు తీస్తాడు, పెడతాడు. వంటింట్లోకి వచ్చి గిన్నెల మీద మూతలెత్తి చూస్తాడు. మంచినీళ్లు తాగి, తాగిన సంగతి మరిచి మళ్లీ తాగుతాడు. నాకు ఒళ్లు మండి, ఏమొచ్చింది మీకు అని నిలదీశాను.

"కట్టు బిగించేటప్పుడు ఆ అంచు నా చేతుల్లోనే ఉంది. ఏం చూశానో గుర్తు రావట్లేదు" అన్నాడు.

అప్పట్లో ఆయనకు వెండి తెలుసుగానీ నాణేలు తెలియవు. కట్టు ఉన్నంతకాలం అంచు కనిపించదు, బరువు తేలదు, మోగించినా పలకదు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా మొహం కాదు, మెడ చూస్తున్నాడు. 

విప్పమన్నాను. విప్పాడు. అంచు చుట్టూ గీత. త్రాసులో వేస్తే బరువూ చాల్లేదు. ఆవిడకు ఏ మొహం పెట్టుకుని చెప్పను అంటూ కూలబడ్డాడు. నేను నా మెడలోది తీసి ముందు పెట్టాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇది వద్దు."

"ఎందుకు వద్దు?"

"నకిలీదైతే ఇన్నాళ్లూ నిన్ను మోసం చేసినట్టు. అసలుదైతే ఆ పోయినవాణ్ని మోసం చేసినట్టు."

ఏదో ఒకటి తేలకపోతే ఈ ఇంట్లో ఎవరికీ అన్నం సయించదని, పట్టకారు నేనే ఆయన చేతిలో పెట్టాను. కట్టు ఊడింది. సున్నా, నలుచదరం, సున్నా. ఎదురెదురుగా రెండు చోట్ల తడబాటు. బరువు సరిపోయింది. బల్ల మీద వదిలితే గంటలా మోగింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఏరి తెచ్చుకున్నారా అని అడిగాను. లేదట. రెండూ బల్ల మీద ఉంటే చేతికందింది స్నేహితుడికి ఇచ్చాడట. నమ్మాను. నమ్మినా నా మనసు నిలవలేదు.

"ఆవిడ వస్తే ఇదే చేతిలో పెట్టండి" అన్నాను.

"నాణేల విషయంలో నేను అబద్ధం చెప్పను."

"అబద్ధమెందుకు? ఈ బిళ్ల అసలుదని చెప్పండి. అసలుదేగా."

నకిలీదానికి కట్టు మళ్లీ బిగింపించి నా గొలుసుకు తగిలించుకున్నాను. కుట్టు వదిన వచ్చింది. ఇది అసలుదేనమ్మా అని ఆయన చెప్పాడు. ఆవిడ అరచేతిలో తిప్పి, రాజు చెంప మీద బొటనవేలు పెట్టింది. ఆవిడ బిళ్ల మీద ఆ చెంప ఏనాడో అరిగి నున్నబడింది. దీని మీద చెంప ఇంకా గరుకుగా ఉంది. ఆవిడ వేలు ఆగిపోయింది. ఒక్కసారి నా మెడకేసి చూసింది.

"వదినా..." అంది.

"మిషను కొన్నాక ముందు నా బట్టలు కుట్టాలి. ఎప్పట్నుంచో పడున్నాయి" అన్నాను.

ఆవిడ గుప్పిట మూసుకుంది. కళ్లనిండా నీళ్లతో వెళ్లింది.

ఇప్పుడు వెనక వీధిలోంచి మోటారు చప్పుడు పొద్దస్తమానం వినిపిస్తుంది. మా ఆయన మధ్యాహ్నాలు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. నాకే కాలు నిలవడం లేదు. ఇచ్చినందుకు బాధ లేదంటే అబద్ధమే. చెయ్యి ఊరికే మెడ మీదికి పోతుంది, వేలికింద ఇంకో ఆడమనిషి అరగదీసిన చెంప తగులుతుంది. ఏదో సర్దుతున్నట్టు గదుల్లో తిరుగుతుంటాను.

నిన్న ఆయనకు మెలకువ వచ్చింది. ఏంటా తిరుగుడు, కాసేపు కూర్చో అన్నాడు.

"ఆ మిషను ఆగనివ్వండి, కూర్చుంటాను" అన్నాను.