అక్షరాలున్న ముక్క

మా అక్క కేకుల మీద బైబిల్ వాక్యం రాసేది. కోనసీమలో ఇళ్ళల్లో కేకులు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మాకన్నా మంచి పువ్వులు వేసేవాళ్ళు, మూడు అంతస్తుల పెళ్ళి కేకులు నిలబెట్టేవాళ్ళు అమలాపురంలోనే ఉన్నారు. కానీ కేకు మీద తెలుగులో నాలుగు వరుసల వాక్యం కావాలంటే మాత్రం రాజోలు అవతలి గోదావరి లంక ఊళ్ళ నుంచి కూడా మా అక్కనే వెతుక్కుంటూ వచ్చేవారు.

మా క్రైస్తవ సంఘాల్లో పుట్టినరోజంటే ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాటలు, ప్రార్థన, పాస్టరు అయ్యగారి చిన్న ప్రసంగం, చివర కేకు. ఆ కేకు మీద పేరుతో పాటు ఆ మనిషికి దేవుడిచ్చిన వాగ్దానం కూడా ఉండాలి. కొత్త సంవత్సరం ఆరాధనలో బల్ల మీద పళ్ళెంలో బైబిల్ మాటలున్న కార్డులు బోర్లించి ఉంచుతారు. ఒక్కొక్కరూ వెళ్ళి ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకుంటారు. ఆ కార్డు మీదున్న మాట ఆ ఏడంతా వాళ్ళది. పుట్టినరోజు దగ్గర పడగానే ఆ కార్డుని ఫోటో తీసి మాకు పంపేవారు. అక్క దాన్ని క్రీము మీదికి దించేది.

ఈ పని అక్క కువైట్‌లో నేర్చుకుంది. ఒక ఇంట్లో వంటపనికి వెళ్ళింది. ఆ ఇంటి పెద్దమ్మాయి కేకులు చేస్తుంటే పక్కన గిన్నెలు కడుగుతూ చూసింది, తర్వాత పిండి కలిపి ఇచ్చింది, చివరికి ఆ ఇంటి పండగలన్నిటికీ కేకులు తనే చేసింది. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెలో అందరిలా దుప్పట్లు, సెంటుసీసాలు కాకుండా క్రీము వేసే నాజిళ్ళు, ఒక మిక్సరు, కేకుని పెట్టి తిప్పే గుండ్రటి పీట తెచ్చుకుంది. ఆ పీటను చూసి బావగారు నాతో అన్న మాట ఇంకా గుర్తుంది.

"చూసేవామ్మా, మీ అక్క ఎడారి దేశం ఎల్లి కుమ్మరి సారె తెచ్చింది. రేపట్నుంచి మనం కుండలమ్ముకోవాలి."

"కుండలు కాదండి, మిమ్మల్నే దాని మీద పెట్టి తిప్పుతాను, కాస్త ఆకారానికొస్తారు," అంది అక్క.

అడుగు కేకు, అంటే స్పాంజి నాది, అక్షరాలు తనవి. గుడ్లు కొట్టడం, పిండి జల్లించడం, ఓవెన్ దగ్గర కాపలా నా పని. కరెంటు మధ్యలో పోతే స్పాంజి కుంగిపోతుంది కాబట్టి ఓవెన్ ముందు కూర్చుని నేను ప్రార్థన చేసేదాన్ని. ఇది హాస్యానికి చెప్పడం లేదు, నిజంగా చేసేదాన్ని. అక్క స్టీలు పళ్ళేన్ని బోర్లించి, దాని వీపు మీద క్రీముతో వాక్యం ఒకసారి రాసుకుని, తుడిచేసి, ఆ తర్వాత కేకు మీద రాసేది. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, క్రీము కోనుకి ఇట్టే లొంగుతాయి అనేది. మా గాలిలో ఎప్పుడూ తేమే. వానాకాలంలో ఫ్యాను కింద కూడా క్రీము చెమట పట్టినట్టు అవుతుంది. అలాంటి రోజుల్లో కూడా అక్క రాసిన అక్షరం జారేది కాదు. ఒకసారి ఉప్పలగుప్తం వైపు నుంచి రొయ్యల చెరువుల ఆయనొకరు వచ్చి, మొదటి పట్టుబడి బాగా వచ్చిందని రొయ్య ఆకారంలో కేకు చేసి దాని మీద కూడా వాగ్దానం రాయమన్నారు. "వాక్యం మీసాలకి అడ్డం రాకుండా చూడండమ్మా," అని రెండుసార్లు ఫోను చేసేరు. అక్క నవ్వు ఆపుకోలేక ఫోను నా చేతిలో పెట్టేసింది.

అక్షరాల మీద కత్తి పెట్టకూడదన్న కట్టుబాటు మాత్రం మేము పెట్టింది కాదు. మొదట్లో ఒక ఇంట్లో కూడికకి కేకు పట్టుకెళ్ళాం. వాక్యం నడిమధ్యలో ఉంది. పుట్టినరోజు పిల్లాడు కత్తి ఎత్తాడు. సంఘంలో అందరికన్నా పెద్దావిడ, మేమంతా మామ్మగారనే ఆవిడ, గట్టిగా కేక పెట్టేరు.

"ఆగరా నాయనా! దేవుని మాట మీద కత్తి పెడతావా?"

పిల్లాడు కత్తి వదిలేశాడు. చివరికి అంచుల నుంచి కోసుకుని, అక్షరాలున్న ముక్కని అలాగే పళ్ళెంలో వదిలేశారు. ఆ రోజు నుంచి అక్క వాక్యాన్ని ఒక పక్కకి జరిపి రాసేది, కత్తి దిగడానికి ఖాళీ వదిలేది. ప్రతి ఇంట్లోనూ అక్షరాలున్న ముక్క ఫ్రిజ్‌లోకి వెళ్ళేది. కొందరు మర్నాడు చేత్తో తుంచుకుని తినేవారు. కొందరి ఇళ్ళల్లో అది ఎండి, పగిలి, చీమలు పట్టేదాకా ఉండేది.

అయ్యగారికి ఇది తెలిసి నవ్వారు.

"లేఖనంలో ఎక్కడుందమ్మా ఈ కట్టడ? దేవుడు ప్రవక్తకి గ్రంథాన్నే తినమని ఇచ్చేడు. తిన్నాడు. తేనెలా ఉందన్నాడు. మీరేమో కేకు ముక్కకి భయపడతారు."

"మరి తర్వాత ఇంకో ఆయన కూడా తిన్నాడు కదండీ అయ్యగారూ? నోట్లో తీపే గానీ కడుపులోకి ఎల్లేక చేదైందంట," అంది అక్క.

అయ్యగారు, "ఆయ్, అదీ ఉంది," అన్నారు.

ఆ తర్వాత వచ్చిన కొత్త సంవత్సరం ఆరాధనలో అక్క తీసిన కార్డు మీద దీర్ఘాయువు గురించిన మాట వచ్చింది. దాన్ని చూసి బావగారు, "నాకింకా చాలా ఏళ్ళు శిక్షన్నమాట," అన్నారు. మేమంతా నవ్వుకున్నాం. వేసవి రాకముందే అక్కకి పొట్టలో నొప్పి మొదలైంది. కాకినాడలో పరీక్షలు చేసి, కడుపులో గడ్డ ఉందని, అది కాలేయం దాకా పాకిందని చెప్పారు.

అప్పుడు ఆ కార్డు మాకు ఆధారమైంది. ముఖ్యంగా అక్క కూతురికి. కాకినాడలోనే నర్సింగ్ చదువుతోంది ఆ పిల్ల. రిపోర్టులు చదవగలదు, డాక్టర్లు చెప్పకుండా దాటవేసినవి కూడా అర్థమవుతాయి. అయినా ఆ కార్డుని ఫోటో తీసి ఫోను తెర మీద పెట్టుకుంది. ఎవరేమన్నా, "దేవుడు మాటిచ్చేడు పిన్నీ," అనేది. నేను దాన్ని కాదనలేదు, కాదనాలని కూడా అనుకోలేదు. నేనూ ఆ మాటనే పట్టుకుని ఉపవాసం ఉన్నాను. దేవుడిచ్చే ఆయుష్షు ఈ భూమ్మీద లెక్కతో ఆగిపోదని సండే స్కూల్లో పిల్లలకు ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నదాన్ని. పిల్లలకు చెప్పడం వేరు. అక్క మంచం పక్కన కూర్చోవడం వేరు.

అక్క పుట్టినరోజు వానాకాలంలో వస్తుంది. ఆ ఏడు గోదావరి బాగా పొంగింది, లంకల్లోకి పడవల మీద వెళ్తున్నారు. కూడిక పెట్టాలా వద్దా అని బావగారు తటపటాయిస్తుంటే అక్కే పెట్టమంది. కేకు నన్ను చెయ్యమంది. స్పాంజి నేను చేశాను, క్రీము వేశాను, నున్నగా సర్దాను. వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. కీమో ఇంజక్షన్లకి అక్క వేళ్ళు మొద్దుబారిపోయాయి. కోను పట్టుకుంటే పట్టుకున్నట్టు కూడా తెలియడం లేదంది. వంటింట్లో కుర్చీ వేయించుకుని నా పక్కన కూర్చుంది.

"ఏం రాయమంటావక్కా?"

"కార్డులో ఉన్నదే రాయి. ఏం, భయమా?"

"నాకెందుకు భయం?"

"మరి చెయ్యి ఎందుకలా ఊగిపోతోంది? రోగం నాకా, నీకా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్క మాత్రం పనిలోనే ఉంది.

"కోను కొనని క్రీముకి ఆనించకే. పైనుంచి దారంలా పడనీ. ఊపిరి బిగబట్టకు, ఊపిరి బిగబడితే అక్షరం ముడుచుకుపోద్ది. ఆ... అలా."

పక్కకి జరిపి, కత్తికి చోటు వదిలి రాశాను. అక్క రాసినంత బాగా రాలేదు. రెండో వరుస కొంచెం కిందికి వాలిపోయింది. అక్క చాలాసేపు చూసి, "బానే ఉంది. చదవడానికి వస్తోంది కదా," అంది.

సాయంత్రం వాన తగ్గాక సంఘమంతా వచ్చారు. ముందు గదిలో చాపలు చాలక వరండాలో కూర్చున్నారు. అయ్యగారు ఎక్కువ మాట్లాడలేదు. సంఘపెద్ద ఒకాయన మాత్రం కార్డులోని మాటని దేవుడికి గుర్తు చేస్తూ, ఈ తల్లిని మనవల్ని ఎత్తుకునేదాకా ఉంచమని చాలాసేపు, గొంతు పోయేదాకా ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను, నిండు మనసుతో అన్నాను. అక్క కూతురు తల్లి చెయ్యి వదలకుండా కళ్ళు మూసుకుని ఉంది.

బావగారు కత్తి తీసుకుని ఖాళీగా ఉన్న అంచు మీద పెట్టబోయారు.

"ఇటివ్వండి," అంది అక్క.

కత్తి ఆవిడ చేతికి నిలవడం లేదు. రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకుని సరిగ్గా అక్షరాల మీద పెట్టింది.

"అమ్మా, అక్కడ కాదు," అంది కూతురు. తల్లికి తెలియక పెట్టిందనుకుంది. చేతిని పక్కకి జరపబోయింది.

"ఇక్కడే."

మామ్మగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. "ఏటమ్మా ఇది, నువ్వు కూడానా..." అన్నారు. కేక వెయ్యలేదు ఈసారి.

"ఆయ్, తెలుసండి మామ్మగారూ. ఇన్నాళ్ళూ ఈ ముక్కనే అందరిళ్ళల్లో ఫ్రిజ్‌లో పెట్టించేనండి. ఏమైంది? ఎండిపోయింది, చీమలు తినేసినాయి."

"కొయ్యొద్దమ్మా!" కూతురు గొంతు పెద్దదైంది. "అది నీదమ్మా. దేవుడు నీకిచ్చేడు. కొయ్యొద్దు, దాచుకుందాం."

ఆ పిల్ల భయం ఏమిటో అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆ అక్షరాలు చెదరకుండా ఉన్నంతకాలం తల్లి ఉంటుంది. చదువుకున్న పిల్ల, రోజూ వార్డుల్లో తిరిగే పిల్ల. అయినా ఆ క్షణంలో దాని మనసంతా ఆ క్రీము ముక్కలోనే ఉంది. నిజం చెప్పాలంటే నా మనసు కూడా అక్కడే ఉంది.

అక్క కోపగించుకోలేదు. "నాకు ఒక్కదానికే ఎందుకిస్తాడే?" అంది. "నా కార్డు నా చేతికొచ్చింది, అంతే. మాట అందరిదీను. ఆయన మాటిస్తే తప్పడు. ఇక్కడైతే ఇక్కడ, లేదంటే అక్కడ. దాచుకుంటే మాత్రం పాడైపోద్ది."

కోసింది. కత్తి తిన్నగా దిగలేదు, మెల్లగా, తెగీ తెగకుండా దిగింది. చిన్న చిన్న ముక్కలు చేసింది. ఒక్కొక్కరినీ పిలిచి తన చేత్తోనే ఇచ్చింది. ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునేటప్పుడు ఉండేటంత నిశ్శబ్దం ఆ గదిలో. మామ్మగారు తన ముక్కని తినలేదు, పైట కొంగులో కట్టుకున్నారు. అయ్యగారు తిని, కళ్ళు తుడుచుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

చివరి ముక్క కూతురి నోట్లో పెట్టింది. ఆ పిల్ల నోట్లో పెట్టుకుంది గానీ మింగలేదు. బుగ్గలో పెట్టుకుని, పెదవులు బిగించి, తల అడ్డంగా ఊపుతూ ఏడుస్తోంది.

"మింగమ్మా. క్రీమే కదా," అంది అక్క.

చాలాసేపటికి మింగింది.

అక్క క్రిస్మస్‌కి ముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ డిసెంబరులో వచ్చిన ఆర్డర్లన్నిటికీ కుదరదని చెప్పేశాను. కొత్త సంవత్సరం ఆరాధనకి అక్క కూతురు వచ్చింది గానీ పళ్ళెం దగ్గరికి రాలేదు. నేను కూడా పిలవలేదు. దాని తరఫున ఒక కార్డు తీసి నా పర్సులో పెట్టుకున్నాను. ఇవ్వడానికి సమయం దొరకలేదు, దొరికినప్పుడు చెయ్యి రాలేదు. కొందరు ఆ రోజుల్లో నాతో, ఆ రోజు కేకుని అలా కొయ్యకుండా ఉండాల్సింది అన్నారు. నేను వాళ్ళతో వాదించలేదు. దేవుడు మాట తప్పాడని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. కానీ అక్క లేని వంటింట్లో, బోర్లించిన పళ్ళెం ముందు కూర్చుని, ఆ మాట తప్పలేదని నాకు నేను చెప్పుకోవడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు.

వేసవిలో అక్క కూతురి పుట్టినరోజు వచ్చింది. సెలవులకి వచ్చింది కదా, తనే మా ఇంటికొచ్చి, "కేకు చెయ్యవా పిన్నీ," అంది.

చేశాను. క్రీము సర్ది, కోను పట్టుకుని, పర్సులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆ పిల్ల దాన్ని చదివింది, మళ్ళీ జాగ్రత్తగా పక్కన పెట్టింది.

"ఇది వచ్చే కూడికకి రాద్దాం. ఇప్పుడు అమ్మ కార్డులోది."

"సరే."

"నేను రాస్తాను పిన్నీ."

కోను దాని చేతికిచ్చాను. పళ్ళెం బోర్లించుకుని ఒకసారి రాసుకుంది, తుడిచేసింది, తర్వాత కేకుని పీట మీద పెట్టి తిప్పింది. ఎప్పటిలా పక్కన రాస్తుందనుకుని, ఖాళీ ఎటు వదలాలో చూపించబోయాను.

"కాదు పిన్నీ. నడిమధ్యలో."

కోను కొనని క్రీముకి ఆనించలేదు. ఊపిరి బిగబట్టలేదు. ఎవరు చెప్పారో ఆ పిల్లకి, ఆ రోజు వంటింట్లో అక్కా నేనూ మాత్రమే ఉన్నామనుకున్నాను.

కూడికలో ఆ పిల్ల కత్తిని అక్షరాల మీదే దింపింది. మొదటి ముక్క మామ్మగారికి ఇచ్చింది. ఈసారి ఆవిడ కొంగులో కట్టుకోలేదు. తర్వాత ముక్క నా నోట్లో పెట్టింది. తియ్యగానే ఉంది. గొంతు దిగడం లేదు. బుగ్గలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పిల్ల నా గడ్డానికి అంటుకున్న క్రీముని వేలితో తుడిచి, నా ముఖంలోకి చూసింది.

"మింగు పిన్నీ," అంది.